మొగిలయ్య మాట్లాడిన తారీఖు

2 సెప్టెంబరు 1973, ఆదివారం
కొత్తవాడ, వరంగల్

ఈ డైరీ ఎరువుల కంపెనీ వాళ్లు పంచింది. ప్రతి పేజీ అడుగున రైతుకొక సలహా ఉంది. నాకు పొలం లేదు కాబట్టి సలహాలు వదిలేసి పైన ఖాళీ మాత్రం వాడుకుంటాను.

చరిత్రకారుల సౌకర్యార్థం నా వివరాలు. పేరు సారంగపాణి. బి.ఏ. మూడో తరగతి. ఎడమ చెవిని దేశం కోసం డెబ్భై ఒకటి పాకిస్తాన్ యుద్ధంలో, ఛంబ్ సెక్టారులో వదిలేసి వచ్చాను. సిగ్నల్స్‌లో పనిచేసేవాడికి చెవి అంటే నేతగాడికి చెయ్యి లాంటిది. అందుచేత సైన్యం జూన్ నెలలో నన్ను సగౌరవంగా ఇంటికి సాగనంపింది. మాజీ సిపాయి, మాజీ యుద్ధఖైదీ. ఇరవై ఆరేళ్లకే రెండు మాజీలు సంపాదించాను, మంత్రులకు కూడా అరవై దాటితే గాని దక్కవు.

సాయంత్రం పూట హోటల్లో నా కచేరీ. "సారంగం, జర పాకిస్తానోళ్ల రేడియో చదువు," అంటారు. వాళ్ల గొంతుతోనే చదువుతాను. క్యాంపులో స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకర్ పొద్దున లేస్తే మన విమానాలు కూల్చేది. వారం తిరిగేసరికి మన దగ్గర ఉన్నవన్నీ కూల్చేసి, కొన్నింటిని రెండోసారి కూల్చడం మొదలుపెట్టింది. డిసెంబరు పదహారో తారీఖు సాయంత్రం వార్తలు మానేసి ఖవ్వాలీలు వేసింది. రెండు గంటలు ఖవ్వాలీలే. మేం గెలిచామని అట్లా తెలిసింది.

ఇక్కడ అందరూ నవ్వుతారు. ఈరోజు ఒకడు నవ్వలేదు. గోళ్లలో గ్రీజు ఉన్న మనిషి, పేరు గౌస్ పాషా. నెక్కొండ స్టేషన్ ముందర సైకిళ్ల దుకాణమట. సామాన్లు కొనడానికి వచ్చాడు. చాయ్ చల్లారేదాకా నన్నే చూసి, చివరికి అడిగాడు.

"మా ఊరి మొగిలయ్య ఆ క్యాంపులనే ఉండె. ఎరుకనా, భాయ్?"

క్యాంపు పెద్దది అన్నాను.

3 సెప్టెంబరు

క్యాంపు పెద్దదే. ఆ మాటలో తప్పేం లేదు.

5 సెప్టెంబరు, బుధవారం

గౌస్ పాషా మళ్లీ వచ్చాడు. ఈసారి మొగిలయ్య తల్లి సమ్మమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కొంగులో ఆరు మొక్కజొన్న కంకులు తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి, బాపు మగ్గం పక్కన నేల మీదే కూర్చుంది. బాపు జంపఖానా నేయడం ఆపలేదు గాని నేత చప్పుడు తగ్గించాడు.

"నువ్వేనా బిడ్డా, ఆ దేశం బోయొచ్చినోనివి?"

"నేనేనమ్మా. మనసుపడి పోలేదు, పట్టుకపోయిన్రు."

ఆమె నవ్వలేదు. జాకెట్లోంచి మడతలు పడ్డ కాగితం తీసింది. రికార్డు ఆఫీసు వాళ్లు పంపింది. నీ కొడుకు సిపాయి మొగిలయ్య 1972 ఫిబ్రవరి తొమ్మిదిన, శత్రువు చేతికి చిక్కి ఉండగా, క్యాంపు దవాఖానాలో గాయం ముదిరి చనిపోయాడని ఉంది.

"ఇది ఉత్తదే," అంది సమ్మమ్మ. "పాషా, నువ్వు చెప్పు."

గౌస్ పాషా కోర్టులో సాక్షిలా గొంతు సవరించుకున్నాడు. "ఆ రేడియోల పొద్దుగూకినంక ఖైదీలతోని మాట్లాడిపిచ్చేటోళ్లు. ఒక పాట, ఒక తిట్టు, ఒక ఖైదీ. గట్ల. ఈ అవ్వ నలుబై దినాలు నా దుకాణంల కూసున్నది. ఎస్సై వచ్చి, దుష్మన్ రేడియో ఎందుకు వెడ్తానవుర అన్నడు. మా మొగిలి మాట్లాడుతడేమోనని సార్ అన్న. ఆయన గూడ స్టూలేసుకోని ఇన్నడు. ఫిబ్రవరి ఇరువై ఒకటి నాడు మొగిలి మాట్లాడిండు. తారీఖు గోడమీద రంగుతోని రాసిపెట్టిన, పోకుంట."

"తొమ్మిదినాడు సచ్చినోడు ఇరువై ఒకటినాడు లేచి మాట్లాడుతడా?" అంది సమ్మమ్మ. "సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."

"మాట్లాడడమ్మా."

"మరి?"

అప్పుడామె కొడుకు మాటలు అప్పజెప్పింది. "అమ్మా, నేను మొగిలిని. పాణం మంచిగున్నది. రెండు పూటల రొట్టె వెడ్తాన్రు. బర్రె ఈనిందా? పూలమ్మను మంచిగ చూసుకో. నేనొచ్చేదాక నాగలి ఎవలకియ్యకు."

ఒక్క ముక్క తప్పు పోలేదు. ఆ సంగతి చెప్పగలిగిన వాణ్ని ఆ ఇంట్లో నేనొక్కణ్నే.

"నా కొడుకు ఆడ్నే ఉన్నడు గదా బిడ్డా? ఇంకేదన్న జైల్ల పెట్టిన్రా?"

"కాగితాలు తప్పొస్తయమ్మా," అన్నాను.

నా తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. పదివేళ్లూ చిటపటమన్నాయి. కుడిచెవి బాగానే పనిచేస్తోంది.

6 సెప్టెంబరు

డైరీ నాది, చదివేవాడు లేడు, కాబట్టి రాస్తున్నాను. ఆ గొంతు నాది.

కాలేజీలో నేను ప్రిన్సిపాల్ గొంతుతో సెలవు ప్రకటించి మూడు క్లాసులు ఖాళీ చేయించినవాణ్ని. మొగిలయ్య గొంతు ఎంత? ముక్కుతో మొదలై కడుపులో ముగుస్తుంది. వాడి ముందే చేసేవాణ్ని. వాడే అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. తొడలో తూటా, మీద జ్వరం, మైకు దాకా నడవలేడు. "నా బదులు నువ్వే చెప్పురా సారంగం," అన్నాడు. చెప్పాను. మిత్రధర్మం.

7 సెప్టెంబరు

రికార్డు చేసేది ఒక రోజు, వినిపించేది ఇంకో రోజు. రేడియోల్లో ఎక్కడైనా అంతే.

9 సెప్టెంబరు, ఆదివారం

ఆ రికార్డింగు రోజే, మొగిలయ్య తర్వాత నేను కూడా మాట్లాడాను. నా సొంత పేరుతో, సొంత గొంతుతో. అమ్మా బాపూ క్షేమమా అని అడిగాను. మా ఇంట్లో రేడియో ఉంది. బాపు ఆ ఏడాదంతా దానిమీద జంపఖానా ముక్క కప్పి ఉంచాడట.

"శత్రువు నోట మంచిమాట గూడ వద్దనుకున్న," అన్నాడు ఈరోజు, అడిగితే.

"అది నా నోరు, బాపూ."

"గొట్టం వాళ్లది గదా," అన్నాడు. నూలు కండె అందుకున్నాడు. కాసేపటికి, "ఏమన్నవప్పుడు?" అన్నాడు, మొఖం చూపకుండా.

నా సందేశం విన్నవాళ్లు నెక్కొండ సైకిళ్ల దుకాణంలో కూర్చున్నవాళ్లే. మొన్న పోతూ పోతూ గౌస్ పాషా చెప్పాడు. "నీది గూడ ఇన్నం భాయ్. మొగిలిది మంచిగుండె. నీదే జర నకిలీ లెక్క ఉండె."

12 సెప్టెంబరు

ఒక తల్లి నమ్మకంతో బతుకుతుంటే మధ్యలో దూరడానికి నేనెవర్ని. ఇది బాధ్యతాయుతమైన మౌనం.

14 సెప్టెంబరు, శుక్రవారం

బాధ్యతాయుతమైన మౌనానికి ఆయుష్షు రెండు రోజులు.

మొగిలయ్య భార్య పూలమ్మ వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. వరంగల్ దవాఖానకు పోతున్నానని అత్తకు చెప్పి ప్యాసింజరెక్కిందట. అమ్మ నీళ్లిచ్చింది. తాగలేదు, గ్లాసు పట్టుకునే కూర్చుంది.

"అన్నా, ఒక్కటడుగుత. నిజం చెప్తవా?"

"బి.ఏ. దాకా చదివిన చెల్లె, అబద్ధాలు సిలబస్‌ల లేవు."

"రేడియోల మాట్లాడింది మా ఆయన కాదు."

నేను మగ్గం వైపు చూశాను. బాపు బజారుకు పోయాడు. చూడ్డానికి అక్కడేం లేదు.

"ఎట్ల చెప్తవ్?"

"పూలమ్మను మంచిగ చూసుకో అన్నడు. మా ఆయన నన్ను పేరు వెట్టి ఎన్నడు పిలువలే. వాళ్లవ్వ ముంగట అసలే అనడు. ఆమెతోనైతే 'నీ కోడలు' అంటడు. నాతోనైతే 'ఇగో' అంటడు. మూడేండ్ల కాపురంల నా పేరు ఆయన నోట రాలే."

నాలుగేళ్ల కాలేజీ, ప్రిన్సిపాళ్లు, హవల్దార్లు, న్యూస్ రీడర్లు. ఎవరిదైనా చేస్తాను. గొంతు పట్టాను గాని, ఆ గొంతు ఏ మాట అనదో పట్టలేదు. పల్లెటూరి మొగుడు తల్లి ముందు పెళ్లాం పేరెత్తడన్న సంగతి కొత్తవాడలో పిల్లి కూడా చెబుతుంది.

"మీ అత్తకు అనుమానం రాలే?"

"కష్టంల వడ్డడు గద, మనసు మెత్తవడ్డది అనుకున్నది."

"మరి నువ్వప్పుడే ఎందుకు చెప్పలే?"

"నలుబై దినాలాయె ఆమె సక్కగ తినక. ఆ దినం కడుపునిండ తిన్నది. రేపు చెప్దామనుకున్న. రేపు గూడ తిన్నది." గ్లాసు కింద పెట్టింది. "నా పేరు ఇన్నప్పుడు నాకు గూడ జరసేపు మంచిగనిపిచ్చింది, అన్నా. తర్వాతనే ఎరుకైంది."

నేను ఒక జోకు వేయబోయాను. ఏ జోకో గుర్తులేదు. రాలేదు.

మిగతాది ఆమె లెక్కగా చెప్పింది, ముందే అనుకొని వచ్చినట్టుంది. కేసముద్రంలో తల్లిగారు మారుమనువు చూశారు. ఆయన దసరా దాకా ఆగుతానన్నాడు. మొగడు బతికుండంగ మారుమనువేందని అత్త ఒప్పుకోదు. తాను చెబితే, మారుమనువు పోవడానికే చెప్తాన్నదంటుంది. పెత్తరమాసనాడు అయ్యగారు ఇల్లిల్లూ తిరిగి, చనిపోయినవాళ్ల పేర్లు చెప్పించుకుని బియ్యం తీసుకుంటాడు. పోయిన పెత్తరమాసకు మొగిలయ్య పేరు చెప్పలేదు. అప్పటికి కాగితం రాలేదు. ఈసారీ చెప్పకపోతే ఊరి దృష్టిలో బతికున్నట్టే లెక్క. సైన్యం రికార్డు ఆఫీసు కంటే నెక్కొండలో ఆ బియ్యానికే విలువ.

"హోటల్ల నువ్వు అందరి గొంతులు తీస్తవని పాషా చెప్పిండు. రేడియోల మా ఆయన గొంతు నీదేనా, అన్నా?"

"నాదే."

తల ఊపింది. తిట్టలేదు. "ఒచ్చి చెప్పు," అంది. "నేను చెప్పలేను."

15 సెప్టెంబరు

హోటల్లో కచేరీ రద్దు. గొంతు నొప్పి అని చెప్పాను.

18 సెప్టెంబరు

సవరణ. పత్రికలు వేసుకుంటాయి గదా, అట్లాంటిది.

ఆరో తారీఖున మొగిలయ్య నన్ను అడిగాడని రాశాను. అడగలేదు. రికార్డింగు జరిగింది ఫిబ్రవరి పద్దెనిమిదిన. వాడు పోయింది తొమ్మిదిన. లెక్కల్లో నేను మొదటినుంచీ వీకే.

తెలుగు ఖైదీలు ఏం మాట్లాడుతున్నారో వినిపెట్టడానికి కరీముద్దీన్ అని ఒక పెద్దాయనను తెచ్చారు. పోలీస్ యాక్షన్ తర్వాత హైదరాబాదు నుంచి అటు వెళ్లిపోయిన మనిషి. షేర్వానీ బొత్తాలన్నీ పెట్టుకుని, టేపు మిషను పక్కన కూర్చుని, పేర్లు పిలిచేవాడు. ఆయన పట్టీలో పాత పేర్లే ఉన్నాయి, పోయినవాళ్లవి కొట్టెయ్యలేదు.

"మొగిలయ్య, నెక్కొండ," అన్నాడు.

నేను లేచాను.

"నెక్కొండల ప్యాసింజరు ఇంక గూడ ఒక్క నిమిషమే ఆగుతాదా?" అని అడిగాడు. ఆగుతుందన్నాను, మొగిలయ్య గొంతుతో. మాట్లాడాను. తర్వాత "సారంగపాణి, వరంగల్" అని పిలిస్తే మళ్లీ నేనే లేచాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "కూసోండి మియా," అన్నాడు. రెండోసారి మాట్లాడాను. అందుకే నాది నకిలీలా వినిపించిందేమో.

ఎందుకు చేశానంటే, ఒక తల్లికి ధైర్యం ఇద్దామని. మంచి పనే.

20 సెప్టెంబరు

మంచి పనే అని నిన్న బాపుకు చెప్పాను, ఎవరో చేసినట్టుగా. బాపు నూలు చిక్కు తీస్తూ, "తర్వాతన్న ఆ తల్లికి నిజం తెలిపిండా?" అన్నాడు. తెలపలేదన్నాను. "అయితే సగం పనే," అన్నాడు.

23 సెప్టెంబరు, ఆదివారం

రెండో సవరణ. ఇదే ఆఖరుది, ఇంకా కింద ఏమీ లేదు.

మొగిలయ్య పోయాక బ్యారక్‌లో తొమ్మిది రోజులు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పదో రోజుకు అందరికీ విసుగు పుట్టింది. చావుకు గౌరవంగా ఉండడం చాలా బోరు, ఎవరూ ఒప్పుకోరు గాని. కడప హవల్దారు అన్నాడు, "రే, ఆ ముసలాయన ముందు మొగిలిగాడిలా మాట్లాడి తప్పించుకున్నావంటే రెండు సిగరెట్లు."

పందెం. అంతే. తల్లీ లేదు, ధైర్యమూ లేదు.

బ్యారక్‌కు తిరిగొచ్చి మొత్తం మళ్లీ చేసి చూపించాను. బర్రె ఈనిందా అన్నప్పుడు నవ్వీ నవ్వీ హవల్దారుకు దగ్గొచ్చింది. తర్వాత ఏడ్చాడు. తర్వాత సిగరెట్లిచ్చాడు. రెండూ ఆరోజే తాగాను. చాలా బాగున్నాయి. అదొక్కటీ రాయలేక ఇన్ని రోజులు డొంకతిరుగుడు తిరిగాను.

24 సెప్టెంబరు

పొద్దున స్టేషన్‌కు పోయి నెక్కొండకు టికెట్ కొన్నాను. డోర్నకల్ ప్యాసింజరు వచ్చింది. నేను ఎక్కలేదు. దానివల్ల రైలుకు ఏ ఇబ్బందీ కలగలేదు, సమయానికే వెళ్లిపోయింది.

25 సెప్టెంబరు

రేపు పెత్తరమాస.

26 సెప్టెంబరు, బుధవారం

ఎక్కాను.

నెక్కొండలో గౌస్ పాషా దుకాణం ముందు నిలబడి, మొత్తం చెప్పాను. పందెంతో సహా. ఆయన చేతిలోని ట్యూబు నీళ్ల బక్కెట్లో వదిలేశాడు. బుడగలొచ్చాయి. "నలుబై దినాలు," అన్నాడు. "నలుబై దినాలు నేను రేడియో సుయ్యి తిప్పిన." సైకిల్ వెనక ఎక్కించుకుని తీసుకుపోయాడు. దారి పొడుగునా ఆయన వీపు నాతో మాట్లాడలేదు.

మేం పోయేసరికి సమ్మమ్మ వాకిట్లో అయ్యగారు జోలె పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేటలో బియ్యం, గుమ్మడి ముక్క, చింతపండు. గోడ వారన పూలమ్మ సాయంత్రం బతుకమ్మకు తంగేడు పువ్వు కట్టలు కడుతోంది. నన్ను చూసి చేతులాపింది.

"మా మామ కట్టయ్య," అంది సమ్మమ్మ. అయ్యగారు మంత్రం చదివాడు. "మా ఆయన యాకయ్య." చదివాడు. "ఇంకెవలన్న ఉన్నరా?" అన్నాడు, ఉన్నా లేకున్నా అడిగే అలవాటు కొద్దీ.

"లేరు."

"ఉన్నడమ్మా," అన్నాను నేను.

తర్వాత ఏ వరసలో చెప్పానో తెలియదు. తొమ్మిది, పద్దెనిమిది, ఇరవై ఒకటి, తారీఖులు మాత్రం సరిగ్గా చెప్పాను. సిగరెట్లు కూడా చెప్పాను. సమ్మమ్మ మొత్తం విని, చేట కింద పెట్టి, నా దగ్గరికొచ్చింది.

"నువ్వు హోటల్ల నకళ్లు కొట్టెటోనివట గద. ఎవలు తోలిచ్చిన్రు నిన్ను? కేసముద్రపోళ్లా?"

"ఎవలు తోలియ్యలేదమ్మా."

"మొన్న కాగితాలు తప్పంటివి. ఇయ్యాల నా కొడుకు గొంతు తప్పంటానవ్. ఏ పూట మాట నమ్మాలె నీది?"

ఇరవై ఆరేళ్లు కష్టపడి సంపాదించిన పేరు అది.

"అయితే అను," అంది. "నా కొడుకు లెక్క అను. ఇని చూస్త."

పందొమ్మిది నెలలుగా చేయని గొంతు. మొదటిసారి రాలేదు, దగ్గొచ్చింది. అయ్యగారు జోలె భుజం మార్చుకున్నాడు. ఇంకా పన్నెండిళ్లు ఉన్నాయి పాపం ఆయనకు. రెండోసారి వచ్చింది. అమ్మా, నేను మొగిలిని. పాణం మంచిగున్నది. ముక్కుతో మొదలై కడుపులో ముగిసింది. గౌస్ పాషా గోడవైపు తిరిగాడు. బర్రె దాకా వచ్చాను. తర్వాతి మాట దగ్గర ఆగి, పూలమ్మ వైపు చూడకుండా, అది కూడా అప్పుడన్నట్టే అన్నాను. నాగలి ఎవలకియ్యకు.

సమ్మమ్మ కళ్లు మూసుకుని నిలబడి ఉంది. తెరిచి నా మొఖం చూసింది. మాట్లాడిన నోటిని చూసింది.

"గదే," అంది. "గా గొంతే."

లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు సోలెడు బియ్యం తెచ్చి చేటలో పోసింది. అయ్యగారు పేరడిగాడు. ఆమె నోరు తెరిచింది గాని మాట రాలేదు. మళ్లీ అడిగాడు. అప్పుడు గోడ వారనుంచి పూలమ్మ, తంగేడు కట్ట వదలకుండానే, మొగుడి పేరు పైకి చెప్పింది. "మొగిలయ్య." ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పకూడదని అయ్యగారికి తెలుసు, అత్తకు తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. అయ్యగారు మంత్రం చదివి, చేట జోలెలో బోర్లించుకుని, పక్కింటికి పోయాడు.

నేను బయల్దేరితే సమ్మమ్మ గడప దాకా వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"కాలవెట్టిన్రా, బొందవెట్టిన్రా?"

"బొంద పెట్టిన్రమ్మా. నేను, ఇంకో ముగ్గురం మోసినం."

"నీళ్లడిగిండా?"

"అడిగిండు. ఇచ్చినం."

"తల ఏ దిక్కు వెట్టిన్రు?"

చలి. గట్టి నేల. తవ్వుతుంటే గడ్డపార మోగింది. అది గుర్తుంది. పొద్దు ఎటు ఉందో గుర్తులేదు. దక్షిణం అన్న మాట నాలుక కొసన తయారుగా ఉంది, నాకెప్పుడూ తయారుగానే ఉంటాయి.

"తెల్వదమ్మా," అన్నాను.

ఆమె నన్ను చూసింది. నా భుజం మీద దారం పోగు ఏదో ఉంటే తీసి పారేసింది.

"దక్షిణమే వెట్టుంటరు," అంది, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

"తెల్వదమ్మా," అన్నాను మళ్లీ.